ఈ ఫంక్షన్‌ను ఎవరు పిలుస్తున్నారు? పెద్ద కోడ్‌బేస్‌లో వాడని కోడ్‌ను కొలవడం గురించి

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి.

ప్రాజెక్టులో కొత్తగా చేరినవాళ్లకి కేటీ (పని అప్పగిస్తూ వివరించడం) ఇచ్చేటప్పుడు దాదాపు ప్రతి టీములోనూ వినిపించే మాట ఒకటుంది. "ఆ ఫైలు జోలికి మాత్రం పోకండి. ఎవరు రాశారో తెలీదు, వాడుతున్నారో లేదో తెలీదు, ఉండనివ్వండి." మీలో చాలామంది ఎక్కడో వేరే దేశంలో ఇరవై, ముప్ఫై ఏళ్ల కిందట మొదలైన కోడ్‌ను చూసుకుంటున్నవాళ్లే. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. డాక్యుమెంట్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఏ తాళానిదో తెలియని తాళంచెవిని ఇంట్లో ఎవరూ పారేయరు కదా, ఆ ఫైలూ అలాగే ఉండిపోతుంది. పైగా ప్రతి రిలీజ్‌లో దాన్ని కంపైల్ చేస్తాం, కంపైలర్ మారినప్పుడు దాని వార్నింగులు సరిచేస్తాం, సెక్యూరిటీ స్కాన్‌లో అది ఎర్రగా వస్తే కూర్చుని సమాధానం రాస్తాం. ఎవరూ వాడని కోడ్‌కి కూడా మనుషుల సమయం పోస్తూనే ఉంటాం.

ఆ "తెలీదు" అన్నదాన్ని కొలవవచ్చు. ఎలా కొలవాలి, వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈరోజు నా విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "మా కోడ్‌లో ఇంత శాతం డెడ్", అంటే ఎవరూ వాడనిది, అనే ఒక్క అంకెతో మీకు పని జరగదు. "ఫలానా ఫంక్షన్‌ను, ఫలానా బిల్డ్‌లో, ఫలానా కాలంలో ఎవరూ పిలవలేదు" అని పేరుపేరునా చెప్పే జాబితా కావాలి. శాతం చూసి ఎవరూ ఒక్క లైను కూడా తీసేయలేరు. జాబితా చూసి తీసేయగలరు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్. దాని చరిత్ర ఒకసారి చూడండి. 1985లో జర్మనీలోని ల్యూనెబుర్గ్‌లో మార్కో బోరిస్ అనే కుర్రాడు స్టార్‌డివిజన్ అనే కంపెనీ పెట్టాడు. అక్కడ పుట్టినదే స్టార్‌ఆఫీస్. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనేసింది, 2000లో ఓపెన్ఆఫీస్ పేరుతో సోర్స్ బయటపెట్టింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. ఆ ఏడాది సెప్టెంబరులోనే కొంతమంది డెవలపర్లు విడిపోయి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. వాళ్ల చేతికి వచ్చింది పాతికేళ్ల కోడ్. అందులో చాలా కామెంట్లు జర్మన్‌లో ఉన్నాయి. వాలంటీర్లు కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా ఇంగ్లిష్‌లోకి మార్చాల్సి వచ్చింది. ఏ క్లాస్ ఎందుకు ఉందో చెప్పేవాళ్లు లేని చోట, "ఇది అసలు వాడుకలో ఉందా?" అన్నదే మొదటి ప్రశ్న అయింది.

అక్కడ కావోలాన్ మెక్‌నమారా అనే డెవలపర్ తయారుచేసిన కాల్‌క్యాచర్ అనే చిన్న టూల్ వాడారు. అది చేసే పని చాలా సూటిగా ఉంటుంది. కంపైలర్‌ను నేరుగా కాకుండా దీని ద్వారా నడుపుతారు. కంపైలర్ ఇచ్చే అసెంబ్లీని, అంటే యంత్రానికి దగ్గరగా ఉండే కోడ్‌ను, ఇది చదువుతుంది. ఈ ఫైల్లో ఏయే ఫంక్షన్లు నిర్వచించారు, ఏయే ఫంక్షన్లను పిలిచారు, దేని అడ్రస్ తీసుకున్నారు అని రాసిపెట్టుకుంటుంది. ఆఖర్న అన్నింటినీ కలిపి, నిర్వచించినవాటిలోంచి పిలిచినవాటిని తీసేస్తుంది. మిగిలినవి ఎవరూ పిలవనివి. అంతే, ఒక తీసివేత లెక్క.

కానీ వాళ్లు చేసిన అసలు మంచి పని ఆ జాబితాను ఎక్కడ పెట్టారన్నది. ఏ మేనేజర్ మెయిల్‌లోనో, ఏ స్ప్రెడ్‌షీట్‌లోనో పెట్టలేదు. "అన్‌యూజ్డ్‌కోడ్ డాట్ ఈజీ" అనే పేరుతో సోర్స్ రిపోజిటరీలోనే ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌గా పెట్టారు. లైనుకో ఫంక్షన్ పేరు. ఎవరైనా ఒకటి తీసేస్తే జాబితా అంతమేరకు తగ్గుతుంది, ఆ తగ్గుదల వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది. ఈ పేర్లను కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి పనిగా ఇచ్చేవారు. కోడ్ మొత్తం అర్థం చేసుకోనవసరం లేదు. ఒక ఫంక్షన్ తీసెయ్, బిల్డ్ చెయ్, టెస్టులు నడుపు, ప్యాచ్ పంపు. ఆ దారిలో వచ్చినవాళ్లు బిల్డ్ సిస్టమ్ నేర్చుకున్నారు, రివ్యూ ఎలా జరుగుతుందో నేర్చుకున్నారు. వేలల్లో మొదలైన జాబితా ఏడాది తర్వాత ఏడాది కుంచించుకుపోతూ వచ్చింది.

ఇందులో ఒక సంగతి గమనించాలి. మొదటిరోజు వచ్చిన జాబితా ఎప్పుడూ పూర్తి జాబితా కాదు. ఒక డైలాగ్ బాక్స్‌ను ఎవరూ తెరవడం లేదు, కాబట్టి దాన్ని తీసేశారు అనుకోండి. ఆ డైలాగ్ ఒక్కటే పిలుస్తున్న మూడు హెల్పర్ ఫంక్షన్లు మరుసటి రన్‌లో బయటికొస్తాయి. అవి పోతే వాటి కింద ఉన్నవి బయటపడతాయి. కాబట్టి కొన్నాళ్లు మీరు ఎంత తీస్తున్నా అంకె తగ్గనే తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. మేనేజర్‌కి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నెలాఖరు మీటింగ్‌లో అనవసరమైన టెన్షన్.

ఈ పద్ధతికి కొన్ని హద్దులు ఉన్నాయి. వర్చువల్ ఫంక్షన్ (ఏ క్లాస్‌ది పిలవాలో ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు తేలేది) పేరు వీటేబుల్ అనే పట్టికలో ఉంటుంది కాబట్టి ఎవరో పిలిచినట్టే లెక్క, నిజంగా ఎవరూ పిలవకపోయినా జాబితాలోకి రాదు. లినక్స్‌లో బిల్డ్ చేస్తే, విండోస్‌లో మాత్రమే పిలిచే ఫంక్షన్ వాడనిదిగా కనిపిస్తుంది. డీబగ్ బిల్డ్‌లో వాడేది రిలీజ్ బిల్డ్‌లో మాయమవుతుంది. రన్‌టైమ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు, పేరుతో వెతికి పిలిచేవి ఉంటాయి. జావాలో ఇలా పేరుతో పిలిచే రిఫ్లెక్షన్ పద్ధతి వాడే ఫ్రేమ్‌వర్కులతో పనిచేసినవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. ఆండ్రాయిడ్‌లో ఆర్8 అనే టూల్ అనవసరమైన క్లాసులను యాప్‌లోంచి తీసేస్తుంది. కానీ రిఫ్లెక్షన్‌తో పిలిచే క్లాసులకు మనమే కీప్ రూల్స్, అంటే దీన్ని తీయకు అని చెప్పే నియమాలు, రాయాలి. భయంతో ఒక ప్యాకేజీ మొత్తానికి కీప్ రూల్ రాసి పడేస్తే టూల్ చేసేదేమీ ఉండదు. మీ ప్రాజెక్టులో కీప్ రూల్స్ ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి, అది కూడా ఒక కొలతే.

లిబ్రేఆఫీస్‌వాళ్లు అక్కడితో ఆగలేదు. క్లాంగ్ కంపైలర్‌కు సొంత ప్లగిన్లు రాసుకున్నారు. వీటిలో చాలావాటి వెనక నోయెల్ గ్రాండిన్ పని ఉంది. ఎవరూ వాడని ఫీల్డులను వెతికే ప్లగిన్ ఒకటి. ఎవరూ ఓవర్‌రైడ్ చేయని వర్చువల్ ఫంక్షన్లను పట్టేది ఇంకొకటి. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం ఇది: ఒక ఫంక్షన్‌ను పిలిచే ప్రతిచోటా ఒక ఆర్గ్యుమెంట్‌కి ఎప్పుడూ ఒకే విలువ పంపుతున్నారా అని చూసే ప్లగిన్. దీని విలువ చూడండి. యాభై చోట్ల పిలుస్తున్న ఫంక్షన్ ఉంది, దానికి ఒక బూలియన్ ఆర్గ్యుమెంట్ ఉంది. యాభై చోట్లా ఫాల్స్ అనే పంపుతున్నారు. అంటే లోపల ఆ "ట్రూ అయితే" కింద ఉన్న నలభై లైన్లు ఎప్పటికీ నడవవు. కాల్‌క్యాచర్‌కి ఆ ఫంక్షన్ నిండు ప్రాణంతో కనిపిస్తుంది. సగం ప్రాణం పోయిందని ఈ ప్లగిన్ చెబుతుంది. పెద్ద కోడ్‌బేస్‌లలో చచ్చిన కోడ్ చాలావరకు ఇలా బతికున్న ఫంక్షన్ల కడుపులోనే దాక్కుని ఉంటుందని నా అనుభవం.

అయినా, కోడ్‌ను చదివి మాత్రమే "ఈ లైను ఎప్పటికైనా నడుస్తుందా" అని ప్రతి ప్రోగ్రామ్‌కీ తప్పకుండా చెప్పే టూల్ ఎవరూ రాయలేరు. 1936లో అలన్ ట్యూరింగ్ నిరూపించిన ఫలితం నుంచి వచ్చేదే ఇది. కాబట్టి రెండో కొలబద్ద కావాలి, అంటే ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు చూడటం. ఏ లైన్లు నడిచాయన్న ఈ లెక్కని కవరేజ్ అంటారు. దీనికి సి, సి++లో జీకావ్ అనే టూల్ ఉంది, బ్రౌజర్‌లో అయితే క్రోమ్ డెవ్‌టూల్స్‌లో కవరేజ్ ట్యాబ్. పేజీ తెరవగానే వచ్చిన జావాస్క్రిప్ట్‌లో ఎంత భాగం నడిచిందో అక్కడ రంగుల్లో కనిపిస్తుంది. చూసినవాళ్లకి మొదటిసారి గుండె గుభేలుమంటుంది, నడవని భాగాన్ని చూపే ఎరుపు అంత ఉంటుంది. కానీ యూజర్ ఇంకా ఏ బటనూ నొక్కలేదు కదా. నొక్కితే అందులో కొంత ఎరుపు తగ్గుతుంది.

ఇక్కడ మన భాషకే చెందిన ఉదాహరణ చెబుతాను. లిబ్రేఆఫీస్‌లో తెలుగు అక్షరాలను పేర్చి చూపించే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. అంతకుముందు విండోస్‌లో ఒక దారి, మ్యాక్‌లో ఒక దారి, లినక్స్‌లో ఒక దారి ఉండేవి. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్నిచోట్లా హార్ఫ్‌బజ్‌కే మారారు, పాత దారులకు పని లేకుండా పోయి ఆ కోడ్ తర్వాత తొలగిపోయింది. ఇది మంచి శుభ్రత. ఇప్పుడు ఆ హార్ఫ్‌బజ్ లోపలికి వెళ్దాం. భారతీయ లిపుల కోసం అందులో ప్రత్యేకంగా ఒక షేపర్ ఉంది. "లక్ష్మి" అని టైప్ చేస్తే కంప్యూటర్‌కి అందేవి 7 కోడ్‌పాయింట్లు, అంటే అక్షర సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వరుసలో గుడి మకారం తర్వాత ఉంటుంది. తెర మీద మాత్రం అది మ మీద కూర్చోకూడదు, పైన ఉన్న క భాగానికి చేరాలి. మ ఒత్తై కిందికి దిగాలి. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, మూల హల్లు ఏది, ఏది కిందికి పోవాలి అని తేల్చడమే ఆ షేపర్ పని.

ఇప్పుడు ఎవరో అమెరికాలో కూర్చుని వందల కొద్దీ ఇంగ్లిష్ డాక్యుమెంట్లు తెరిచి, కవరేజ్ తీశారనుకోండి. ఆ భారతీయ షేపర్‌లో నడిచిన లైన్లు సున్నా. అంకెలో అబద్ధం ఏమీ లేదు. ఆ డాక్యుమెంట్లలో నిజంగానే ఒక్క లైను కూడా నడవలేదు. ఆ అంకె చూసి దాన్ని తీసేస్తే మనం లక్ష్మి అని రాసుకోలేం. అందుకే రన్‌టైమ్ కొలత ఇచ్చే ప్రతి రిపోర్టు పైన మూడు విషయాలు రాయండి: ఎవరి వాడకం కొలిచారు, ఏ ఇన్‌పుట్‌తో కొలిచారు, ఎంతకాలం కొలిచారు. కాలం చాలా ముఖ్యం. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా కొలిచి, ఇయర్ ఎండింగ్ కోడ్ నడవలేదని తీసేస్తే మార్చి 31 రాత్రి పుట్టి మునుగుతుంది. వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో ఏడాదికి తక్కువ కొలతను నేను ఒప్పుకోను.

ఏడాదిపాటు ప్రొడక్షన్‌లో పూర్తి కవరేజ్ పెట్టడం కుదరదు, సర్వర్ నెమ్మదిస్తుంది. అనుమానం ఉన్న ఫంక్షన్ మొదట్లో ఒక్క లాగ్ లైను పెట్టండి చాలు. తేదీ, మీ పేరు, "దీన్ని ఎవరూ పిలవడం లేదని అనుకుంటున్నాను" అన్న మాట. దీన్ని టూంబ్‌స్టోన్ అంటారు. ఏడాది తర్వాత లాగుల్లో అది ఒక్కసారి కూడా రాకపోతే మీ దగ్గర సాక్ష్యం ఉన్నట్టు. వస్తే, ఎవరు పిలిచారో దానితోపాటు రాసే స్టాక్ ట్రేస్ (ఏది దేన్ని పిలిచిందో చూపే జాబితా) చెబుతుంది.

రెండు కొలబద్దలూ ఎందుకు కావాలో నైట్ క్యాపిటల్ కథ చెబుతుంది. అమెరికా షేర్ మార్కెట్లో పెద్ద ట్రేడింగ్ కంపెనీ అది. ఆర్డర్లను మార్కెట్‌కి పంపే వాళ్ల ఆర్డర్ రౌటర్‌లో పవర్ పెగ్ అనే ఫీచర్ ఉండేది. 2003లో వాడటం మానేశారు, కోడ్ మాత్రం తీయలేదు. 2005లో, ఎన్ని షేర్లు పూర్తయ్యాయో లెక్కపెట్టి ఆపే భాగాన్ని కోడ్‌లో వేరే చోటికి మార్చారు. ఆ మార్పు తర్వాత పవర్ పెగ్ సరిగ్గా ఆగుతుందా అని ఎవరూ టెస్ట్ చేయలేదు. వాడనిదానికి టెస్ట్ ఎవరు చేస్తారు? 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కొత్త పథకం మొదలవుతోంది. దాని కోసం రాసిన కొత్త కోడ్‌కి, పవర్ పెగ్ వాడే పాత ఫ్లాగ్‌నే (ఫీచర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మళ్లీ వాడారు. 8 సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ వెళ్లింది, ఒకదానికి వెళ్లలేదు. మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదో సర్వర్‌లో తొమ్మిదేళ్లుగా నిద్రపోతున్న పవర్ పెగ్ లేచింది. ఎక్కడ ఆపాలో దానికి తెలీదు, ఆర్డర్లు పంపుతూనే పోయింది. ఏమైందో అర్థంకాక మధ్యలో టీమ్‌వాళ్లు మిగతా ఏడు సర్వర్లలోంచి కొత్త కోడ్ వెనక్కి తీసేశారు. దాంతో పరిస్థితి ఇంకా దిగజారింది. 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి. 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ఉత్తర్వులో రాశారు. మరుసటి ఏడాదికి ఆ కంపెనీ వేరే సంస్థలో కలిసిపోయింది.

ఇప్పుడు ఆలోచించండి. కాల్‌క్యాచర్ లాంటి టూల్ పవర్ పెగ్‌ను పట్టేదా? పట్టేది కాదు. ఫ్లాగ్ ఆన్ అయితే అక్కడికి వెళ్లే దారి కోడ్‌లో ఉంది, కాబట్టి కోడ్‌ను చదివి మాత్రమే చేసే స్టాటిక్ లెక్కలో అది సజీవమే. ఒక్క టూంబ్‌స్టోన్ లైను ఉంటే, 2003 తర్వాత ఒక్కసారి కూడా రాలేదని ఎవరైనా చూపించగలిగేవారు. అందుకే ఫీచర్ ఫ్లాగులను వేరే జాబితాగా కొలవమంటాను. ప్రతి ఫ్లాగ్‌కి పుట్టిన తేదీ, ఓనర్ పేరు, చివరిసారి విలువ మారిన తేదీ. ఏడాదిగా విలువ మారని ఫ్లాగ్‌లో ఒకవైపు బ్రాంచ్ ఎవరికీ పనికిరావడం లేదు. పాత ఫ్లాగ్ పేరును కొత్తపనికి వాడటం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి.

బైనరీ, అంటే కంపైల్ అయ్యాక వచ్చే ప్రోగ్రామ్ ఫైలు, దాని సైజు గురించి క్లుప్తంగా చెబుతాను. వాడని కోడ్, బ్లోట్ (బైనరీ ఉబ్బిపోవడం) రెండూ ఒకటే అనుకుంటారు. ఫంక్షన్-సెక్షన్స్ ఆప్షన్‌తో కంపైల్ చేసి, జీసీ-సెక్షన్స్ ఆప్షన్‌తో లింక్ చేస్తే లింకర్ ఎవరూ పిలవని ఫంక్షన్లను బైనరీలోంచి తీసేస్తుంది. బైనరీ సన్నబడింది, సోర్స్ మాత్రం అలాగే ఉంది, మీరు దాన్ని చదువుతూనే ఉంటారు. వేర్వేరు టైపులకు ఒకే కోడ్ రాసే టెంప్లేట్ల విషయంలో దీనికి సరిగ్గా ఎదురు. సోర్స్‌లో ఒకే ఫంక్షన్, బైనరీలో టైపుకొక్కటి చొప్పున వందల కాపీలు, అన్నీ వాడుకలోనే ఉంటాయి. గూగుల్ నుంచి వచ్చిన బ్లోటీ అనే టూల్ బైనరీలో ప్రతి బైటూ ఎక్కడినుంచి వచ్చిందో చూపిస్తుంది. రెండు బిల్డులను పోల్చి ఏది పెరిగిందో చెప్పడం దానిలో బాగా పనికొచ్చే భాగం. దాన్ని ప్రతి మెర్జ్‌కీ నడపండి. ఆరు నెలలకోసారి చూస్తే, పెరిగింది ఎవరి మార్పు వల్లో ఎవరికీ గుర్తుండదు.

టైమ్ అయిపోతోంది, ప్రశ్నలు తీసుకుందాం.

(సభలోంచి ప్రశ్న: మా టెస్ట్ కవరేజ్ 80 శాతం. మిగతా 20 శాతం డెడ్ కోడ్ అనుకోవచ్చా?)

అనుకోవద్దండీ. టెస్ట్ నడపడం వేరు, జనం వాడటం వేరు. మీ 20 శాతంలో టెస్ట్ రాయని, రోజూ నడిచే కోడ్ ఉండొచ్చు. అంతకన్నా ముఖ్యంగా, మీ 80 శాతంలో టెస్టులు తప్ప ఎవరూ పిలవని కోడ్ ఉండొచ్చు. గూగుల్‌లో డెడ్ కోడ్ తీసేసే సెన్సెన్‌మాన్ అనే సిస్టమ్ ఉంది, దాని గురించి 2023లో వాళ్లే రాశారు. ఎవరూ వాడని లైబ్రరీకి కూడా ఒక టెస్ట్ ఉంటుంది, టెస్ట్ దాన్ని పిలుస్తుంది కాబట్టి ఏది దేన్ని వాడుతుందో చూపే డిపెండెన్సీ గ్రాఫ్‌లో లైబ్రరీ బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని వాళ్లు లైబ్రరీని, దాని టెస్ట్‌ను ఒకే ముడిగా కట్టి, ఆ ముడిని బయటినుంచి ఎవరైనా పట్టుకున్నారా అని చూశారు. లేకపోతే రెండూ కలిపి తీసేయాలని ప్యాచ్ దానంతటదే తయారవుతుంది, మనిషి ఒప్పుకుంటేనే లోపలికి వెళుతుంది. అప్పటికి గూగుల్‌లో ఉన్న సి++ కోడ్‌లో దాదాపు 5 శాతం అలా పోయిందని చెప్పారు. మీరు రేపే చేయగలిగేది, టెస్ట్ ఫోల్డర్లను పక్కనపెట్టి కాల్ లెక్క ఇంకోసారి తీయడం. రెండు జాబితాల తేడా చూడండి.

(ప్రశ్న: టూల్ చెప్పినా టీమ్ లీడ్ ఒప్పుకోవడం లేదు మేడమ్. క్లయింట్ ఎవరైనా వాడుతుంటే ఎలా అంటారు.)

ఆయన భయం న్యాయమైనదే. అడగండి, అంతే. 2018లో లినక్స్ కెర్నల్ 4.17లో 8 రకాల ప్రాసెసర్ల కోడ్ ఒకేసారి తీసేశారు, దాదాపు 5 లక్షల లైన్లు. తీసేముందు ఆ చిప్‌ల మీద కొత్త కెర్నల్ నడిపేవాళ్లు ఇంకా ఉన్నారా అని విచారించారు. మీరూ క్లయింట్‌కి మెయిల్ పెట్టండి, ఫంక్షన్ పేరు కాదు, స్క్రీన్ పేరు, రిపోర్ట్ పేరు రాయండి. వాళ్లకి అర్థమయ్యేది అదే. తర్వాత ఒక రిలీజ్‌లో దాన్ని కాన్ఫిగరేషన్‌తో ఆపేయండి, కోడ్ ఉంచండి. ఎవరూ ఫోన్ చేయకపోతే తర్వాతి రిలీజ్‌లో తీసేయండి.

(ప్రశ్న: తీసేశాక మళ్లీ కావాల్సి వస్తే?)

పాత వెర్షన్లన్నీ దాచే గిట్‌లో ఉంటుందమ్మా, కామెంట్‌లో దాచిపెట్టుకోనవసరం లేదు. కాకపోతే ఒక్క జాగ్రత్త తీసుకో. తీసివేతను ఎప్పుడూ ఒంటరి కమిట్‌గా చెయ్యి, ఒక ఫీచర్‌కి ఒక కమిట్. మెసేజ్‌లో ఫంక్షన్ పేరు, ఏ టూల్ చెప్పింది, లాగులు ఎన్నాళ్లు చూశావు, క్లయింట్‌లో ఎవరిని అడిగావు అన్నవి రాసిపెట్టు. బగ్ ఫిక్స్‌తో కలిపి కమిట్ చేస్తే, రివర్ట్ చేసిననాడు ఆ ఫిక్స్ కూడా పోతుంది.